తోడేలు సరే, బోను మాటేమిటి?

మంచులో ఒకదాని వెనక ఒకటి బారుగా నడిచిపోతున్న తోడేళ్ళ ఫొటో మీరు చూసే ఉంటారు. చూడలేదంటే మీకు లింక్డ్‌ఇన్‌లో అకౌంటు లేదన్నమాట, అదృష్టవంతులు. దాని కింద ఒక కథ ఉంటుంది. ముందు నడిచే మూడూ ముసలివీ, జబ్బువీనట. మంద ఎంత వేగంగా నడవాలో అవే చెబుతాయట. వాటి వెనక ఐదు వస్తాదులు, మధ్యలో మిగతా మంద, మళ్ళీ ఐదు వస్తాదులు, అన్నిటికన్నా వెనక ఒంటరిగా నడిచేది 'ఆల్ఫా', అంటే నాయకుడు. నాయకుడంటే ముందుండేవాడు కాదు, వెనకుండి అందరినీ కాచుకునేవాడు అని ముక్తాయింపు. కింద వందల కొద్దీ చేతులు జోడించిన బొమ్మలు.

అసలు సంగతేమిటంటే, ఆ ఫొటో తీసినాయన చాడెన్ హంటర్. బీబీసీ 2011లో ప్రసారం చేసిన 'ఫ్రోజెన్ ప్లానెట్' కోసం కెనడాలోని వుడ్ బఫెలో నేషనల్ పార్కులో తీశాడు. అడవిదున్నల్ని వేటాడే ఇరవై ఐదు తోడేళ్ళ మంద అది. ముందు నడుస్తున్నది ముసలిదీ కాదు, జబ్బుదీ కాదు. మందని నడిపించే ఆడ తోడేలు. లోతైన మంచులో అది దారి చేసుకుంటూ పోతోంది, మిగతావి శ్రమ తగ్గుతుందని ఆ అడుగుల్లోనే అడుగులు వేస్తున్నాయి. అంతే కథ. 2015 చివర్లో ఎవరో పని లేనాయన కూర్చుని దీనికి మేనేజ్‌మెంట్ పాఠం అతికించాడు, అది మన ఇన్‌బాక్సుల్లోకి వచ్చి పడింది.

"పోన్లెండి, మంచి మాటేగా చెప్పాడు" అంటారు. అక్కడే నాకు మండుతుంది. నీతి ముందే రాసిపెట్టుకుని, దానికి సరిపోయే జంతువుని వెతుక్కోవడం మనకి కొత్తేం కాదు. పంచతంత్రం చేసిందీ అదే. కానీ కరటక దమనకుల కథ వింటున్నప్పుడు అవి నిజం నక్కలని చిన్నపిల్లాడు కూడా అనుకోడు. విష్ణుశర్మ నక్కల మీద రీసెర్చి చేశానని ఎక్కడా చెప్పుకోలేదు. ఇప్పటి విష్ణుశర్మలు మాత్రం "సైన్సు చెబుతోంది" అని మొదలుపెడతారు. మంచి నీతికి వాడిన ఆ దారినే రేపు చెడ్డ నీతికీ వాడతారు. వాడుతున్నారు కూడా.

ఒక కంపెనీ, పేరు అనవసరం. ఎనిమిది మంది టీము, ఆ ఏడాది ప్రాజెక్టు బాగానే నడిచింది, క్లయింటు మెచ్చుకున్నాడు. కానీ బెల్ కర్వ్ ప్రకారం ఒకరికి అడుగు రేటింగు ఇచ్చి తీరాలి. ఎవరికి ఇచ్చారో ఊహించండి. ప్రసూతి సెలవులో ఉన్న అమ్మాయికి. ఎందుకంటే ఎదురుగా లేదు, గొడవ పడదు, "ఎలాగూ ఆర్నెల్లు పని చెయ్యలేదు కదా". ఆ మీటింగులో ఒక్కరు అభ్యంతరం చెబితే పెద్ద మేనేజరు గారు సెలవిచ్చిన మాట: "ఇట్స్ నేచర్ యార్. అడవిలో సింహం కూడా గుంపులో వెనకబడ్డదాన్నే పట్టుకుంటుంది. సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్." ఆ తర్వాతి రౌండులో ఆ అమ్మాయి ఉద్యోగం పోయింది. సింహం మాత్రం ఇంకో కంపెనీకి వైస్ ప్రెసిడెంటుగా వెళ్ళింది.

ఆ మాట డార్విన్ పుట్టించింది కాదు, 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ పుట్టించింది. డార్విన్ తన పుస్తకం అయిదో ముద్రణలో, 1869లో, దాన్ని తీసుకున్నాడు. అందులో 'ఫిట్' అంటే కండలున్నవాడని కాదు, ఉన్న పరిస్థితికి అమరినవాడని. ఏ పరిస్థితి అన్నది చెప్పకుండా ఆ వాక్యానికి అర్థమే లేదు. నేను మొత్తుకునేదీ సరిగ్గా ఇక్కడే.

'ఆల్ఫా' అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విస్ శాస్త్రవేత్త తోడేళ్ళ ప్రవర్తన మీద ఒక పేపరు రాశాడు. ఆయన చూసింది అడవిలో తోడేళ్ళని కాదు, బాసెల్ జూలో ఉన్నవాటిని. దాదాపు పది మీటర్లకి ఇరవై మీటర్ల జాగాలో, పది దాకా తోడేళ్ళు. అడవిలో అయితే ఎదిగిన తోడేలుకి తల్లిదండ్రులతో పడకపోతే లేచి వెళ్ళిపోతుంది. ఇక్కడ వెళ్ళడానికి దారి లేదు, గోడ. రోజూ అవే ముఖాలు. కరుచుకోక ఏం చేస్తాయి? ఎవరు ఎవరిని అణిచారు, ఎవరు తోక ముడిచారు అని షెంకెల్ శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయన చూసింది ఆయన రాశాడు, తప్పులేదు. దాన్ని తోడేలు జాతి స్వభావం అనుకోవడంతోనే వచ్చింది చిక్కు.

అమెరికాలో డేవిడ్ మెక్ అనే ఆయన 1970లో తోడేళ్ళ మీద పెద్ద పుస్తకం రాస్తూ ఆ ఆల్ఫా మాటని అందులోకి తెచ్చాడు. పుస్తకం బాగా అమ్ముడైంది, మాట ఊరంతా పాకింది. తర్వాత ఆయనే 1986 నుంచి ఉత్తర కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో పదమూడు వేసవులు అడవి తోడేళ్ళ పక్కనే కూర్చుని చూశాడు. చూస్తే ఏముంది? మంద అంటే ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ళ పిల్లలు. పిల్లలు ఒకటి నుంచి మూడేళ్ళ వయసులో విడిపోయి, జోడు వెతుక్కుని, వేరు కాపురం పెడతాయి. 'ఆల్ఫా' కుస్తీ పట్టి గెలిచిన వీరుడు కాదు, పిల్లల్ని కన్న నాన్న. మన ఇంట్లో అమ్మానాన్నల్ని ఆల్ఫా అంటే ఎంత కొత్త సంగతి తెలుస్తుందో ఇక్కడా అంతే తెలుస్తుంది అనే అర్థంలో 1999లో ఆయన పేపరు రాశాడు. తన పాత పుస్తకం ఇక అచ్చు వెయ్యొద్దని పబ్లిషరుని ఏళ్ళ తరబడి బతిమాలాడు. అది ఆగింది 2022లో. (ఎల్లోస్టోన్‌లో ఒకటికి మించి ఆడవి పిల్లల్ని పెట్టే పెద్ద మందలు ఉంటాయి, అక్కడ పెత్తనం తగాదాలు నిజంగానే ఉంటాయి. అది కూడా చెప్పాలి, లేకపోతే నాకూ ఆ ఫొటో కథ రాసినాయనకీ తేడా లేదు.)

ఇది మనకి బొత్తిగా తెలియని విషయమా? టెస్టర్ ఒక బగ్ లాగ్ చేస్తే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "ఏ ఎన్విరాన్‌మెంట్?" ఏ వెర్షను, ఎంత మెమరీ, ఎంత లోడు, ఎన్ని థ్రెడ్లు ఒకే లాక్ కోసం కొట్టుకుంటున్నాయి? ఇవేవీ లేకుండా "అప్లికేషన్ స్వభావమే అంత" అని రాస్తే ఆ టికెట్ మొహాన కొడతాం. మరి "మనిషి స్వభావమే అంత" అని స్లైడు వేస్తే మాత్రం కాఫీ తాగుతూ తలాడిస్తాం.

జంతువుల ప్రవర్తన శాస్త్రం మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడింది. నికో టిన్‌బర్గెన్ (1973లో నోబెల్ పంచుకున్నవాళ్ళలో ఒకడు) 1963లో చెప్పిన పద్ధతి ఇది: ఒక జంతువు ఒక పని చేసిందంటే నాలుగు రకాలుగా 'ఎందుకు' అని అడగాలి. ఇప్పుడీ క్షణాన దాన్ని కదిలించింది ఏమిటి? పుట్టి పెరిగిన క్రమంలో అది ఎలా అబ్బింది? దానివల్ల బతకడానికి, పిల్లల్ని కనడానికి ఒరిగేదేమిటి? పూర్వీకుల నుంచి అది ఏ దారిలో వచ్చింది? "అది ప్రకృతి" అన్నది ఈ నాలుగింటిలో దేనికీ జవాబు కాదు. అది నోరు మూయించే మాట.

ఇప్పుడు కోళ్ళ దగ్గరికి వద్దాం, ఎందుకంటే బెల్ కర్వ్ భక్తులకి అసలైన మందు అక్కడ ఉంది. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడవచ్చో ఒక వరస ఉంటుందని 1920ల మొదట్లోనే నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె చెప్పాడు. 'పెకింగ్ ఆర్డర్' అన్న మాట అక్కడిది, కార్పొరేట్ భాషలోకి అక్కణ్ణుంచే దూరింది. ఇక కోళ్ళ ఫారాల్లో దశాబ్దాలుగా జరిగేదేమిటంటే, ఎక్కువ గుడ్లు పెట్టే కోడిని విడిగా గుర్తించి దాని సంతతిని పెంచుతారు. అచ్చం మన అప్రైజలే, టాప్ పెర్ఫార్మర్ వంశాభివృద్ధి. కానీ వాటిని తెచ్చి ఒకే బోనులో నాలుగైదింటిని పెడితే పొడుచుకుని చస్తాయి. అందుకే వాటి ముక్కులు కత్తిరిస్తారు. మన జిల్లాల్లో లేయర్ ఫారం ఉన్నవాళ్ళెవర్ని అడిగినా చెబుతారు.

పర్డ్యూ యూనివర్సిటీలో విలియం మ్యూర్ 1982లో దీన్ని తిరగేసి చూశాడు. విడి కోడిని కాకుండా బోనుని మొత్తంగా ఎంచుకున్నాడు. బోను మొత్తం బాగా చేస్తే అందరూ పాస్, లేకపోతే అందరూ ఫెయిల్. 1996లో అచ్చయిన ఫలితాలు చూడండి. ఏడాదిలో చచ్చిపోయే కోళ్ళు రెండో తరంలో 68 శాతం. నాలుగో తరానికి వచ్చేసరికి 8.8 శాతం. ఒంటరి బోనుల్లో పెట్టిన మామూలు కోళ్ళలో చావులు 9.1 శాతం, అంటే గుంపులో ఉన్నా ఒంటరిగా ఉన్నంత క్షేమంగా ఉన్నాయి. బోనులో వేసిన కోడి ఒక్కింటికి గుడ్లు 91 నుంచి 237కి పెరిగాయి. గుడ్లు పెరగడానికి ముఖ్య కారణం కోళ్ళు బతికి ఉండడం! నాలుగంటే నాలుగు తరాలు.

ఈ ప్రయోగాన్ని 'సూపర్ చికెన్' కథ పేరుతో ఇప్పుడు టీమ్ వర్క్ ట్రైనర్లు తెగ వాడేస్తున్నారు. వాళ్ళకీ ఒక మాట. మ్యూర్ బోనుల్లో పెట్టినవి ఒకే తండ్రి పిల్లలు, అంటే చుట్టాలు. పైగా అది తరాల పెంపకం, ఒక క్వార్టర్‌లో జరిగే రీఆర్గ్ కాదు. కాబట్టి "కోళ్ళే కలిసి ఉంటే మనమెందుకు ఉండలేం" అని ఎవరైనా స్లైడు వేస్తే దాన్నీ నమ్మకండి. ఆ ప్రయోగంలో నిలిచే సంగతి వేరే. ఒక కోడి పెట్టిన గుడ్ల లెక్క ఆ కోడి ఒక్కదాని గుణం కాదు, పక్క కోళ్ళు దాన్ని ఏం చేశాయన్నది కూడా ఆ లెక్కలో ఉంది. వ్యక్తిని విడదీసి కొలిచామనుకున్నది నిజానికి విడదీసిన కొలత కాదు. జాక్ వెల్చ్ జీఈలో ఏటా అడుగున ఉన్న పది శాతాన్ని పంపించెయ్యమన్న రోజుల్లో ఎవరైనా ఈ కోళ్ళ పేపరు ఆయన బల్ల మీద పెట్టారో లేదో. మైక్రోసాఫ్ట్ తన స్టాక్ ర్యాంకింగుని 2013 నవంబరులో వదిలేసింది. ఆ పద్ధతి పేరు మార్చుకుని మన దగ్గర ఎన్ని చోట్ల బతుకుతోందో మీకే బాగా తెలుసు.

సరే, ఇక అవతలి గుంపు. "మనుషులకన్నా జంతువులే నయం, వాటిని చూసి నేర్చుకోవాలి" అని ఫార్వర్డులు పంపే సాధువులు. వీళ్ళకి మన కొండముచ్చుల్ని చూపించాలి. తొలి రోజుల్లో ఉత్తర, మధ్య భారతంలో కొండముచ్చుల్ని గమనించిన ఫిలిస్ జే వాటిని శాంతంగా బతికే జీవులుగా రాసింది. 1960ల మొదట్లో ధార్వాడ దగ్గర యుకిమారు సుగియామా ఇంకోటి చూశాడు. బయటి నుంచి వచ్చిన మగది గుంపుని ఆక్రమించుకుని అందులోని పసిపిల్లల్ని చంపేసింది. కొందరు పెద్దలు "అబ్బే, జనాభా ఒత్తిడి వల్ల వచ్చిన పిచ్చి" అని కొట్టిపారేశారు. సారా హర్డీ 1970లలో మౌంట్ ఆబూలో ఏళ్ళ తరబడి చూసి అది పిచ్చి కాదని వాదించింది. పిల్ల చస్తే తల్లి త్వరగా మళ్ళీ ఎదకొస్తుంది, కొత్త మగదానికి తన పిల్లలు పుడతాయి, ఆ లెక్క అది. ఆవిడ పుస్తకం 1977లో వచ్చింది. ఇందులో నేర్చుకోవాల్సిన 'నీతి' ఏముంది చెప్పండి? ప్రకృతిలో ఉన్నదల్లా మంచిదైతే ఇదీ మంచిదే కావాలి. నిజానికి ఇక్కడ కూడా పసిపిల్లల్ని చంపడం 'కొండముచ్చు స్వభావం' అని ఒక ముక్కలో తేల్చెయ్యలేం. ఒక మగది గుంపుని ఏలే చోట, అది మారినప్పుడు ఈ పని జరుగుతుంది. చాలా మగవి కలిసి ఉన్న చోట అంతగా కనబడదు. మళ్ళీ అదే ప్రశ్న, ఎక్కడ, ఏ ఏర్పాటులో?

చింపాంజీల పేరు చెప్పేవాళ్ళు ఇంకా హుషారు. 1994లో అమెరికన్ రాజకీయ నాయకుడు న్యూట్ గింగ్రిచ్, ఫ్రాన్స్ డి వాల్ రాసిన 'చింపాంజీ పాలిటిక్స్' (1982) చదవమని కొత్తగా గెలిచిన తన పార్టీ వాళ్ళకి చెప్పాడు. వాళ్ళేం నేర్చుకున్నారో మనకెందుకు గానీ, 2024లో కన్నుమూసేదాకా డి వాల్ చెప్పుకుని వాపోయిందేమిటంటే, ఆల్ఫా మగాడంటే రౌడీ అని తాను రాయలేదని. ఆ పుస్తకంలో పెత్తనం నిలబెట్టుకునేది పొత్తులతో. మంచి నాయకుడు తగాదా మధ్యలో దూరి బలహీనుడి వైపు నిలబడతాడు. పైగా చింపాంజీ ఎంత దగ్గర చుట్టమో బొనోబో కూడా మనకి అంతే దగ్గర. అక్కడ ఆడవాళ్ళు జట్టుగా ఉండి మగవాళ్ళని అదుపులో పెడతారు. బొనోబోలు మరీ గాంధీలని కూడా అనుకోకండి, అక్కడి మగవాళ్ళ మధ్య చిన్న గొడవలు చింపాంజీల్లో కన్నా ఎక్కువేనని 2024లో ఒక అధ్యయనం తేల్చింది. ఇద్దరు మేనత్త కొడుకుల్లో మనకి నచ్చినవాణ్ణి ఎంచుకుని "మా వంశం అంతే" అంటే ఎలా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు.

"అయితే జంతువుల్ని చూసి మనిషి గురించి ఏమీ తెలుసుకోలేమంటావా?" అని అడగొచ్చు. బోలెడు తెలుసుకోవచ్చు. మనమూ జంతువులమే, హార్మోన్లు అవే. కాకపోతే తెలిసేది స్లైడు మీద పట్టదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటాం కదా, దానికి ఎదురు సాక్ష్యం కెన్యాలో ఉంది. రాబర్ట్ సపోల్‌స్కీ 1978 నుంచి మసాయ్ మారాలో బబూన్ కోతుల్ని చూశాడు. బబూన్లంటే పరమ దుర్మార్గపు హైరార్కీ. పైవాడికి కోపం వస్తే కిందివాణ్ణి కొడతాడు, వాడు ఆడదాన్ని, అది పిల్లని. 1980ల మధ్యలో పక్క గుంపు ఇలాకాలో ఒక టూరిస్టు లాడ్జి చెత్తకుప్ప ఉండేది. సపోల్‌స్కీ గుంపులోంచి తెగబడి అక్కడికి వెళ్ళి తిన్నవి బాగా దూకుడున్న మగవే, నలుగురితో కలవనివే. ఆ చెత్తలోని మాంసం వల్ల క్షయ వచ్చి అవన్నీ చచ్చాయి. గుంపులోని పెద్ద మగవాటిలో 46 శాతం పోయాయి. మిగిలినవి కాస్త సాధు మగవి, ఆడవి. గుంపు శాంతించింది.

ఇంతవరకు ఆశ్చర్యం లేదు. కానీ బబూన్ మగపిల్లలు యుక్తవయసు రాగానే పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి. కాబట్టి పదేళ్ళకి, 1993 నాటికి, ఆ పాత సాధు మగవి ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ బయటి నుంచి, మామూలు దుర్మార్గపు గుంపుల్లోంచి వచ్చి చేరినవే. అయినా గుంపు తీరు మారలేదు! హైరార్కీ ఉంది, పై స్థానాల కోసం సమవుజ్జీలు తగాదా పడుతున్నాయి, కానీ పైవాడు ఎక్కడో అడుగున ఉన్నవాణ్ణి ఊరికే కొట్టడం తగ్గింది. అడుగున ఉన్న మగవాటిలో మామూలుగా కనిపించే ఒత్తిడి లక్షణాలు ఇక్కడ కనబడలేదు. 2004లో ఇది అచ్చయింది. ఎలా సాధ్యమైందంటే, సపోల్‌స్కీ చూపించిన ఆధారం ఒకటి: కొత్తగా వచ్చిన మగవాణ్ణి ఈ గుంపులో ఆడవి త్వరగా దగ్గరికి రానిచ్చి, ఒళ్ళు నిమిరి, పేలు చూశాయి. మిగతా గుంపుల్లో దానికి ఇంకా చాలా ఎక్కువ కాలం పడుతుంది. అంటే కొత్త ఎంప్లాయీ ఇండక్షన్ బాగుంది :) జీన్లు అవే, జాతి అదే.

దీన్ని కూడా మీ ఆఫీసుకి అతికించమని నేను చెప్పను. ఒకే ఒక్క గుంపు అది, పైగా దాని వెనక క్షయతో చచ్చినవాళ్ళున్నారు. కానీ ఈసారి ఎవరైనా "కింద ఉన్నవాణ్ణి తొక్కడం ప్రైమేట్ల రక్తంలోనే ఉంది" అంటే, ఆ రక్తమే ఉన్న ఫారెస్ట్ ట్రూప్ మాటేమిటని మాత్రం అడగండి. జవాబు చెప్పాల్సింది వాళ్ళు, మీరు కాదు.

చివరగా మన ఊరి కోతుల సంగతి. 1938లో క్లారెన్స్ కార్పెంటర్ అనే ఆయన మన దేశంలో పట్టిన 409 రీసస్ కోతుల్ని ఓడలో తీసుకెళ్ళి ప్యూర్టో రికో పక్కన కాయో సాంటియాగో అనే చిన్న దీవిలో వదిలాడు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది, శాస్త్రవేత్తలు ఒక్కొక్క కోతినీ గుర్తుపట్టి లెక్క రాస్తున్నారు. పెత్తనంలో, ఓర్వలేనితనంలో రీసస్ కోతికి కోతుల్లోనే పెద్ద పేరు. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను వచ్చి దీవిలో చెట్లని ఊడ్చిపెట్టేసింది. నీడ కరువైంది, ఎండకి నేల కాలిపోతోంది. "సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్" మన మేనేజరు గారు చెప్పినట్టే జరిగేదైతే, బలమైనవి నీడని ఆక్రమించుకుని మిగతావాటిని తరిమి కొట్టాలి. 2021లో, 2024లో వచ్చిన అధ్యయనాలు చెప్పింది వేరు. కోతుల మధ్య కొట్లాట తగ్గింది, ఒకదాన్నొకటి పక్కన కూర్చోనివ్వడం పెరిగింది, కొత్త స్నేహాలు ఎక్కువయ్యాయి. తుఫానుకి ముందు ఓర్పుకీ బతికి బట్టకట్టడానికీ సంబంధం లేదు. తర్వాత, ఎక్కువమందిని పక్కన ఓర్చుకున్న కోతులకే బతికే అవకాశం ఎక్కువైంది. 'ఫిట్' అన్న మాటకి అర్థం ఆ దీవిలో ఒక్క రాత్రిలో మారిపోయింది, కోతులు మాత్రం అవే. మధ్యాహ్నం పూట మిగిలిన కాస్త నీడలో అవి ఇరుక్కుని కూర్చుంటున్నాయి.